మూడు చీరల సూత్రం

1949 ఏప్రిల్ 3, ఆదివారం

ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించను. ఇందులో రెండే రాస్తాను. ఒకటి జరిగింది, రెండోది దానికి నాకెన్నిసార్లు కోపం వచ్చిందన్నది. రోజుకు ఒకసారికి తగ్గిస్తానని ఉగాదినాడు ఒట్టు పెట్టుకున్నాను. ఇవాళ రెండు. రెండోది చిత్రాన్నంలో ఉప్పు లేనందుకు, కాబట్టి సగమే లెక్క.

అవెన్యూ రోడ్డు పేవుమెంటు మీద ఈరోజు నా బతుకు మారింది. పాత పుస్తకాల కుప్పలో చిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. వ్యాపారంలో వచ్చే చిక్కుల్ని కేసులుగా రాసి విడదీసే పద్ధతి అందులో ఉంది. అట్ట లేదు. ఆఖరి నాలుగు పేజీలు కూడా లేవు, ఎవరో వేరుసెనక్కాయలు కట్టుకుని పోయుంటారు. విషయసూచికలో ఆ నాలుగు పేజీల పేరు "కొత్తవాళ్లు చేసే తప్పులు" అని ఉంది. అవి మనకు అక్కర్లేదు.

డాక్టరు రోగిని చూసినట్టు వ్యాపారాన్ని చూడాలట. మొదట ఏ అభిప్రాయమూ లేకుండా జరిగిందంతా రాయాలి. తర్వాత సమస్యను ఒక్క వాక్యంలో చెప్పాలి. తర్వాత ఉన్న దారులన్నీ రాసి ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నవాడు వెనక్కి చూడరాదు.

రోగిని వెతుక్కునే పని నాకు లేదు. చిక్కపేటలో మా మామ వెంకటగిరియప్ప పట్టుచీరల అంగడిలో రెండేళ్లుగా చీరలు విప్పి చూపిస్తున్నాను. రోగమేదో నాకు ముందే తెలుసు. ఇక అభిప్రాయం లేకుండా రాయడమే మిగిలింది.

ఏప్రిల్ 4, సోమవారం

ఇంట్లో ఉన్న అలారం టైంపీసు తీసుకెళ్లి అంగడిలో పరుపు మీద పెట్టాను.

"ఏమప్పయ్యా, రైలు పట్టుకోవల్లనా?" అన్నాడు చిక్కమునియప్ప. ఈ తాత మా అంగడిలో చీరలు మడిచే మనిషి. నేను పుట్టకముందు నుంచీ మడుస్తున్నాడు. మేం గుట్టగా విప్పి పడేస్తాం, ఆయన పక్కన కూర్చుని మడుస్తాడు. అంతే ఆయన ఉద్యోగం.

జరిగింది:

మొదటి బేరం తల్లీ కూతుళ్లు. విప్పడం పదింటి నుంచి పదిన్నర దాకా, నలభై మూడు చీరలు. మడవడం పదిన్నర నుంచి పదకొండుంబావు దాకా. "ఇది ఇయ్యండి" అన్నది పదకొండింటికి. కొన్నది ఒకటి.

రెండో బేరం అత్తాకోడళ్లు. విప్పడం పన్నెండు నుంచి పన్నెండుంబావు దాకా, ఇరవై ఎనిమిది చీరలు. మడవడం పన్నెండుంబావు నుంచి ముప్పావు దాకా. "ఇది ఇయ్యండి" అన్నది పన్నెండున్నరకు. కొన్నది ఒకటి.

మూడో బేరం యాభై చీరలు విప్పించి, ఏమీ కొనకుండా, "మీ అంగట్లో నీళ్లు బాగుంటాయప్పా" అని లేచిపోయారు.

కోపం: ఒకటి. నీళ్ల దగ్గర.

ఏప్రిల్ 5

మధ్యాహ్నం టైంపీసు దానంతటదే గణగణ మోగింది. ఒక పెళ్లికూతురి తల్లి శుభశకునమని, తాత చేతిలో సగం మడతలో ఉన్న చీర లాక్కుని కొనేసింది. ఇది శాస్త్రం కిందికి రాదు. కొట్టేశాను.

ఏప్రిల్ 7, గురువారం

ఈరోజంతా చిక్కమునియప్ప చేతులే చూశాను. పది చీరలు చిటికెలో మడిచేస్తాడు. తర్వాత ఒకటి వస్తుంది. దాని కొంగు అరచేత్తో నిమురుతాడు, అంచు వెలుతురుకు తిప్పుతాడు, ఒక మడత వేసి విప్పుతాడు, మళ్లీ వేస్తాడు. పసిబిడ్డను నిద్రపుచ్చినట్టు. ఒక్క చీరకు నాలుగు నిమిషాలు! ముసలితనం అంటే ఇదే. చేయి మధ్యలో అలిసిపోతుంది పాపం.

"తాతా, ఆ ఒక్కదానికే అంతసేపు ఎందుకు?"

"జరీ జాస్తి అప్పయ్యా. బరువు."

"పక్కదానికీ అంతే జరీ ఉంది కదా?"

"అట్లనా?" అని పక్కదాన్ని చూశాడు. "అవును, ఉండాది." మళ్లీ అదే నత్తనడక.

సమస్య, ఒక్క వాక్యంలో: ఈ అంగడిలో రోజులో సగం మడవడానికే పోతోంది, ఎందుకంటే మిగతా సగం విప్పడానికి పోతోంది.

రాసి చూసుకుంటే ఒళ్లు జలదరించింది.

ఏప్రిల్ 9

పరిష్కారం దొరికింది. పేరు మూడు చీరల సూత్రం. వచ్చినవాళ్లను ముందే ఐదు ప్రశ్నలు అడగాలి. ఏ రంగు, ఎంత అంచు, ఎంతలో, ఎవరికి, ఎప్పటికి. జవాబులను బట్టి మూడే చీరలు విప్పాలి. ఒకటి తీసుకుంటారు. రెండు మడవాలి. రెండు చీరలు మడవడానికి ఒక మనిషి అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పెట్టెలో వెతుకుతుంటే పాత కరపత్రం ఒకటి బయటపడింది. పోయినేడు మైసూరు బ్యాంకు సర్కిల్ దగ్గర పంచుతుంటే తీసుకుని, చదివి ఏడ్చిన కరపత్రం. పనివాడి చెమటే దేవుడని అందులో ఉంది. దేవుణ్ణి నేను ఇంటికి పంపుతున్నానా?

గంటసేపు ఆలోచించాను. పంపడం లేదు, విడుదల చేస్తున్నాను. నలభై ఏళ్లు ఒకే చోట కూర్చున్న మనిషిని సూర్యరశ్మిలోకి పంపడం అన్యాయమా? ఆయన భార్య నంజమ్మ పోయింది. కొడుకు హూడిలో ఉన్నాడు. పల్లె గాలి, పాడి, మనవలు.

మనసు తేలికైంది. కోపం: సున్నా.

ఏప్రిల్ 11, సోమవారం

కేసు మొత్తం మామకు చదివి వినిపించాను. ఎనిమిది పేజీలు. మామ కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"అయ్యిందా?"

"అయ్యింది మామా."

"చిక్కమునియప్ప వద్దంటావుండావు."

"నేను అనడం లేదు మామా. కేసు అంటోంది."

"సరే. పద్దెనిమిదో తేదీ నేను ధర్మవరం పోతా, సరుకు చూసేదానికి. వారం పడతాది. గద్దె మీద నువ్వు కూర్చో. మూడే విప్పు. వచ్చే ఒకటో తేదీ నుంచి చిక్కమునియప్ప రానక్కర్లేదు. ఆ మాట నువ్వే ఆయప్పకు చెప్పల్ల, నేను చెప్పను."

మా అత్త సుబ్బలక్ష్మమ్మ లోపలినుంచి అంతా వింటూనే ఉంది. అన్నం వడ్డిస్తూ అంది: "జయరామా, మీ మామ ముగ్గురు పిల్లల్ని చూసి వద్దన్నాక నాలుగోదాన్ని నన్ను చూసినాడు. నీ లెక్కన నేనీ ఇంట్లో ఉండకూడదు గదా?"

ఆడవాళ్లకు శాస్త్రం చెప్పి లాభం లేదు. కోపం: రెండు.

ఏప్రిల్ 12

చెప్పలేదు. తాతకు జలుబు చేసింది.

ఏప్రిల్ 13

జలుబు తగ్గింది. చెప్పలేదు.

ఏప్రిల్ 14, గురువారం

చెప్పాను. పల్లె గాలి దగ్గర మొదలుపెట్టాను. హూడి ఎంత అందంగా ఉంటుందో చెప్పాను. నేను హూడి చూడలేదు.

చిక్కమునియప్ప వక్క నోట్లో వేసుకున్నాడు. "మా కోడలు మంచిదే అప్పయ్యా. నేను గుమ్మం తొక్కితే చాలు, చెంబులు వాటంతట అవే కింద పడతాయి. నెలకొక రోజంటే పోయి వస్తా. దినామూ అంటే..." అని ఆగి, "ఆ రెండు చీరలు ఎవరు మడుస్తారు?" అన్నాడు.

"నేను."

"ఏదీ, మడువు."

మడిచాను. ఎట్లా మడిచినా కొంగు లోపలికి పోయింది, జరీ వెనక్కి తిరిగింది, మధ్యలో ఒక బుడిపె లేచింది. తాత ఆ బుడిపెను వేలితో నొక్కి చూశాడు. "లోపల పిల్లి ఉండాదా?"

కోపం: మూడు. కానీ ఆయన మీద కాదు. పట్టు మీద.

ఏప్రిల్ 18, సోమవారం

గద్దె మీద నేనే. చిక్కమునియప్పను పని ముట్టవద్దని చెప్పి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చోబెట్టాను.

బేరాలు పదకొండు. ఐదు ప్రశ్నలకు ఎవరూ తిన్నగా జవాబివ్వలేదు. ఏ రంగు అంటే "మంచి రంగు" అంటారు. ఎంతలో అంటే "నువ్వే చెప్పు" అంటారు. అయినా మూడు మూడే విప్పాను. మొత్తం విప్పినవి ముప్పై మూడు. ఆదా అయిన సమయం నాలుగున్నర గంటలు!

అమ్మినవి సున్నా. మొదటిరోజు.

ఏప్రిల్ 19

ఆదా ఐదు గంటలు. అమ్మినవి సున్నా. కొనేవాళ్లకు ఇంకా చదువు అబ్బలేదు.

ఏప్రిల్ 20

అమ్మకం జరిగింది! ఒక పంచె. ఒకాయన వానకు తడిసి అంగడిలోకి వచ్చాడు. ఐదు ప్రశ్నలు అడిగాను. "పొడిగా ఉండేది" అన్నాడు. సూత్రం పనిచేస్తోంది.

ఏప్రిల్ 22, శుక్రవారం

పొద్దున మొదటి బస్సుకు చందాపుర సొన్నప్పగారు తొమ్మిదిమందితో దిగారు. కూతురి పెళ్లికి జవళి బట్టలు తీయాలి. ఆయన తాతల కాలం నుంచీ మా అంగట్లోనే తీస్తారు. గుంపు మధ్యలో ఆయన పెద్దక్క పిల్లమ్మ. పరుపు మీద కాళ్లు చాపి కూర్చుంది.

"వెంకటగిరియప్ప ఏడప్పా?"

"ధర్మవరం పోయాడమ్మా. అంగడి నేనే చూస్తున్నాను. ముందు ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పండి."

సొన్నప్పగారు నవ్వారు. పాపం, తమాషాకు అంటున్నాననుకున్నారు. రెండో ప్రశ్నకు నవ్వు ఆగింది. మూడు చీరలు విప్పి చేతులు కట్టుకున్నాను.

"ఊఁ, తియ్యి" అంది పిల్లమ్మ.

"అంతేనమ్మా. మూడే."

"మూడు చూసి తీసుకునేదానికి ఇదేమన్నా రేషన్ అంగడా?"

అప్పుడు నేను ఊరుకుని ఉండవలసింది. సుమ్నే ఉంటే సరిపోయేది. కానీ పోయినేడు వీళ్లే అరవై విప్పించి ఒకటి తీసుకుపోయిన సంగతి నాకు గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పాను. గట్టిగా చెప్పాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మన ఆడవాళ్లకు నిర్ణయం తీసుకోవడం రాలేదని కూడా చెప్పాను.

తొమ్మిదిమందీ ఒక్కసారి లేచారు. సొన్నప్పగారు తల రుమాలు సర్దుకుని, "మీ మామకు చెప్పు, చందాపురవాళ్లు వచ్చి పోయినారని" అన్నారు. ఎదురంగడివాడు అప్పటికే పరుపు దులుపుతున్నాడు.

గుమ్మంలో చిక్కమునియప్ప స్టూలు దిగాడు.

"పిల్లమ్మక్కా, ఎండలో వచ్చినారు. పోండి, పోవద్దనను. మజ్జిగ తాగి పోండి. మజ్జిగకు ప్రశ్నలు లేవు."

మజ్జిగ కోసం కూర్చున్నారు. తాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "నేను విప్పనప్పయ్యా. మూడంటే మూడే. పడున్నవి మడిచేస్తా, అంతే గదా?"

ఆయన మొదటిది చిటికెలో మడిచాడు. రెండోది, వంకాయరంగుది, చేతిలోకి తీసుకున్నాడు. కొంగు నిమిరాడు. అంచు వెలుతురుకు తిప్పాడు. ఒక మడత వేశాడు. విప్పాడు. మళ్లీ వేశాడు.

పిల్లమ్మ మజ్జిగ లోటా కింద పెట్టింది. "ఉండప్పా. దాన్నేమి అంత తొందరగా మడిచేస్తావు?"

"కాదులేక్కా, మీకు నచ్చలేదు గదా."

"నచ్చలేదని ఎవురన్నారు? ఇట్లియ్యి. దీనికి జతగా ఇంకేమన్నా ఉండాదా?"

చిక్కమునియప్ప నన్ను చూశాడు. పరుపు మీదున్న అందరూ నన్నే చూశారు. నాలుగో చీర ఎవరు విప్పారని అడిగితే, నేనే విప్పాను. ఐదోదీ నేనే. తర్వాత లెక్క తప్పింది. చివరకు డెబ్బై ఒకటి.

చీరలు విప్పుతున్నంతసేపూ అందరూ ముఖాలు ముడుచుకునే ఉన్నారు. ఒక్కటీ తీసుకోలేదు. తాత మడవడం మొదలుపెట్టాక ఒకరి తర్వాత ఒకరి చెయ్యి పడింది. "అది పక్కన పెట్టు." "అది నాకు." "ఒదినా, అది నేను ముందే చూసినా." మొత్తం పదకొండు చీరలు.

విప్పడం పదకొండు నుంచి ఒంటిగంట దాకా. మడవడం ఒంటిగంట నుంచి మూడు దాకా. మొదటి "ఇది ఇయ్యి" ఒకటిన్నరకు, ఆఖరిది మూడుకు ఐదు నిమిషాలుండగా.

పోతూ పిల్లమ్మ నా గడ్డం పట్టుకుంది. "కోపమొస్తే ముక్కు మీ మామ ముక్కేరా నీది."

కోపం: ఒకటి. కానీ దాని సైజు పెద్దది.

ఏప్రిల్ 23, శనివారం

కేసు మళ్లీ మొదటినుంచి చదివాను. ఏప్రిల్ నాలుగు, నిన్న. నా చేత్తో నేను రాసిన టైములే. "ఇది ఇయ్యండి" అన్న మాట ఒక్కసారి కూడా విప్పేటప్పుడు రాలేదు. ఒక్కసారి కూడా! ప్రతిసారీ మడిచేటప్పుడే. నేను కొట్టేసిన అలారం చీరతో సహా.

ఆ నాలుగు పేజీలు చింపుకుపోయి వేరుసెనక్కాయలు తిన్నవాడు ఎవడో!

తాతను అడిగాను. "అంటే మీరు కావాలనే మెల్లగా మడుస్తారా?"

"అన్నీ కాదు. వాళ్ల చూపు ఏ చీర మీద రెండుసార్లు పడిందో అది."

"విప్పేటప్పుడే చెప్పొచ్చు కదా ఇది మీకు నచ్చిందని?"

"చెప్తే వద్దంటారప్పయ్యా. విప్పి చూపించేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. పోతావుండాది అన్నప్పుడే ఏది కావాల్నో తెలుస్తాది."

నలభై ఏళ్లు ఈ మాట ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవురూ అడగలేదు. టైంపీసు తెచ్చినారు గానీ."

ఏప్రిల్ 25, సోమవారం

మామ వచ్చాడు. మెట్ల మీదే అడిగాడు, కేసు ఏమైందని.

"ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి."

"అంటే?"

"ఇంకా పరిశీలించాలి మామా."

"పరిశీలించు. ఒకటో తేదీ నుంచి చిక్కమునియప్ప రాడు గదా, అంగట్లో తావు బాగా ఉంటాది."

తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవలింత వచ్చింది.

ఏప్రిల్ 26

మామకు ఇవ్వడానికి "అనుబంధం" రాశాను. అందులో తప్పు అన్న మాట రాకుండా మూడు పేజీలు నడిపించాను. చించేశాను.

ఏప్రిల్ 27

అత్త: "నావల్ల తప్పయ్యింది అంటే నోట్లోనుంచి ముత్యాలు రాలిపోతాయా?"

ఎంచుకున్నవాడు వెనక్కి చూడరాదని పుస్తకంలో ఉందని చెప్పాను.

"అట్లయితే గోడకు గుద్దుకుంటావులే" అంది.

ఏప్రిల్ 28

చిక్కమునియప్ప కొడుకు హూడి నుంచి కబురు పంపాడట, ఆదివారం బండి తెస్తానని. కోపం: నాలుగు. ఎవరి మీదో రాయను.

ఏప్రిల్ 30, శనివారం

సాయంత్రం ఐదు దాటింది. ఆఖరి బేరం పోయింది. చిక్కమునియప్ప చీరలన్నీ బీరువాలో సర్ది, తన సామాన్లు పరుపు అంచున పెట్టుకున్నాడు. వక్కాకు సంచి, కళ్లద్దాల డబ్బా, కింద వేసుకునే గోనెపట్ట, ఎర్రంచు తువ్వాలు. మామ గద్దె మీద పంచాంగం తిరగేస్తున్నాడు. నేను నిలబడి ఉన్నాను.

సంచి చిటికెలో చుట్టేశాడు. గోనెపట్ట చిటికెలో. తర్వాత తువ్వాలు తీసుకున్నాడు. అరచేత్తో నిమిరాడు. అంచు వెలుతురుకు తిప్పాడు. ఒక మడత వేశాడు. విప్పాడు. మళ్లీ వేశాడు.

ఆయన ఏం చేస్తున్నాడో నాకు తెలుసు! అక్షరం అక్షరం తెలుసు. దాన్ని ఎనిమిది పేజీల్లో రాసిందే నేను. పాత తువ్వాలు, దానికి జరీ కూడా లేదు. నేను లొంగనని పళ్లు బిగబట్టాను.

రెండో మడత. మూడో మడత. ఇక ఒక్కటే ఉంది.

నా చెయ్యి తువ్వాలు మీద పడింది. "ఉండు తాతా."

"ఏమప్పయ్యా?"

"మడవద్దు."

"మీకు అక్కర్లేదు గదా?"

"అక్కర్లేదని ఎవరన్నారు?" అని అరిచాను. అరిచాక అది ఎవరి మాటో తెలిసింది. "తప్పు నాది. కేసు తప్పు కాదు, కేసులో అంతా ఉంది, చూడనిది నేను. మీరు పోవద్దు. మామా, ఆయన పోకూడదు."

మామ పంచాంగం నుంచి తలెత్తలేదు. "టైమెంతరా?"

"ఐదూ పంతొమ్మిది."

"రాసుకో."

మే 2, సోమవారం

హూడి బండి ఖాళీగా పోయింది. ఖాళీగా కాదు, అత్త అందులో ఒక బస్తా రాగులు ఎక్కించింది, తాత కోడలికి.

మామ ఆజ్ఞ: నేను ఆర్నెల్లు తాత పక్కన కూర్చుని మడవాలి. ఇవాళ మొదటి పాఠం. ఒక అమ్మ చూపు ఆకుపచ్చ చీర మీద రెండుసార్లు పడడం నేను స్వయంగా చూశాను. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. కొంగు నిమిరాను. అంచు తిప్పాను. మడత వేశాను, విప్పాను, మళ్లీ వేశాను, మళ్లీ విప్పాను.

ఆమె నన్ను చాలాసేపు చూసి, చిక్కమునియప్ప వైపు వంగి మెల్లగా అంది: "పాపం, ఈ పిల్లోడికి మడిచేది రాదు గదా. ఎట్ల పెట్టుకున్నారప్పా పనికి?"

"ఏం చేసేదమ్మా, పొమ్మనేదానికి మనసు రాలేదు" అన్నాడు తాత.

కోపం: ఒకటి. మధ్యలోనే నవ్వొచ్చి పాడైపోయింది, కాబట్టి సగమే లెక్క.